డిలీట్ అయిన రికార్డుల ఎర్రర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈఆర్‌పీలోనో (సంస్థ లెక్కలు, స్టాకు, ఆర్డర్లు నడిపే సాఫ్ట్‌వేర్) సీఆర్‌ఎమ్‌లోనో (కస్టమర్ల వివరాలు చూసుకునే సాఫ్ట్‌వేర్) పని చేసుకుంటుంటే ఉన్నట్టుండి "ఈ రికార్డ్ లేదు, లేదా డిలీట్ అయింది" అని తెర మీద వచ్చి పడుతుంది. వెంటనే అందరి నోటా వచ్చే మాట "ఎవరు డిలీట్ చేశారు?" అని. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది: లేని రికార్డును ఇంకా ఎవరు పిలుస్తున్నారు? డిలీట్ నొక్కిన క్షణంలో ఈ ఎర్రర్ రాదు. రోజులు గడిచాక, ఎక్కడో మిగిలిపోయిన పాత ఐడీని (ప్రతి రికార్డుకూ ఉండే గుర్తింపు నంబరును) పట్టుకుని సాఫ్ట్‌వేర్ వెతికినప్పుడు వస్తుంది. ఆ మిగిలిపోయిన ఐడీ దొరికితే సగం పని అయిపోయినట్టే.

అసలు ఈ ఎర్రర్ ఎందుకు వస్తుంది?

ఇన్‌వాయిస్ తెరిస్తే కస్టమర్ పేరు కనిపిస్తుంది గానీ, డేటాబేస్‌లో ఆ ఇన్‌వాయిస్ వరసలో (టేబుల్‌లోని రోలో) చాలావరకు పేరు ఉండదు, కస్టమర్ ఐడీ మాత్రమే ఉంటుంది. తెర మీద చూపించాల్సి వచ్చినప్పుడల్లా సాఫ్ట్‌వేర్ ఆ ఐడీ తీసుకుని కస్టమర్ల టేబుల్‌లోకి వెళ్లి పేరు తెచ్చుకుంటుంది. అక్కడ ఆ ఐడీతో వరస లేకపోతే ఏం చూపించాలో దానికి తెలియదు, అందుకే ఆగిపోయి ఎర్రర్ ఇస్తుంది. కాబట్టి మీరు తెరిచింది ఇన్‌వాయిస్ అయినా, పోయింది ఇన్‌వాయిస్ అని అనుకోకండి. పోయింది దాని లోపల ఉన్న కస్టమరో, పన్ను కోడో, ధరల పట్టికో, సేల్స్ చూసే ఉద్యోగి యూజర్ రికార్డో కావచ్చు.

ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కోలా చెబుతుంది కదా, ఇది అదే ఎర్రర్ అని ఎలా గుర్తుపట్టాలి?

మాటలు వేరైనా విషయం ఒకటే. ఒడూ అనే ఈఆర్‌పీలో దీన్ని మిస్సింగ్ ఎర్రర్ అంటారు. సేల్స్‌ఫోర్స్ అనే సీఆర్‌ఎమ్‌లో ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదానితో మాట్లాడే దారి) ద్వారా పని చేసేవాళ్లకు 'ఎంటిటీ ఈజ్ డిలీటెడ్' అని వస్తుంది. మైక్రోసాఫ్ట్ వ్యాపార సాఫ్ట్‌వేర్ల డేటా ఉండే డేటావర్స్‌లో ఫలానా ఐడీతో ఉన్న రికార్డ్ లేదు అని, పక్కన 0ఎక్స్80040217 అనే కోడ్‌తో చూపిస్తుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఈఆర్‌పీ బిజినెస్ సెంట్రల్ కాస్త నయం, ఏ టేబుల్‌లో ఏ నంబరు కోసం వెతికిందో గుర్తింపు ఫీల్డులతో సహా చెప్పేస్తుంది. జావా మీద హైబర్నేట్ అనే డేటాబేస్ లైబ్రరీతో కట్టిన సొంత సాఫ్ట్‌వేర్ అయితే లాగ్‌లో (సాఫ్ట్‌వేర్ ఏం చేసిందో రాసుకునే ఫైల్‌లో) 'ఎంటిటీ నాట్ ఫౌండ్' అనే ఎక్సెప్షన్ కోసం చూడండి.

మెసేజ్‌లో ఆ బ్రాకెట్లు, అంకెలు ఏంటి? వాటితో నాకేం పని?

వాటితోనే అసలు పని. దయచేసి ఆ మెసేజ్‌ను చదవకుండా మూసేయకండి. ఒడూలో కింది వరసలో ఇలా ఉంటుంది: రికార్డ్, రెస్ డాట్ పార్ట్‌నర్, బ్రాకెట్‌లో 45, కామా, తర్వాత యూజర్ 2. విడదీసి చూద్దాం. రెస్ డాట్ పార్ట్‌నర్ అంటే కస్టమర్లు, వెండర్లు, కాంటాక్టులు అందరూ ఉండే మోడల్ (ఒక రకం రికార్డులకు ఒడూ పెట్టిన పేరు). 45 అనేది దొరకని ఐడీ. యూజర్ 2 అంటే ఆ సమయంలో ఆ పని ఎవరి పేరు మీద నడుస్తోందో ఆ యూజర్. ఒడూ 12 నుంచి 2 అనేది మామూలుగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు పుట్టే అడ్మిన్, 1 అనేది సిస్టమ్ సొంత యూజర్.

ఇప్పుడు ఈ మూడు ముక్కలతో ఎంత తెలిసిందో చూడండి. యూజర్ దగ్గర 1 ఉంటే మనిషి బటన్ నొక్కి ఉండకపోవచ్చు, షెడ్యూల్ ప్రకారం నడిచే జాబ్ మీద ముందు అనుమానం పెట్టుకోవచ్చు. మోడల్ పేరు పార్ట్‌నర్ అని ఉండి, మీరు తెరిచింది సేల్స్ ఆర్డర్ అయితే, ఆర్డర్ క్షేమంగా ఉంది, దానిలో ఉన్న చిరునామాయో కాంటాక్టో పోయింది. అదే ఐడీ రోజూ వస్తుంటే ఒకే చోట మిగిలిన లంకె. ఐడీలు మారుతూ వస్తుంటే ఎవరో గుంపుగా డిలీట్ చేశారు, లేదా ఇంకా చేస్తూనే ఉన్నారు.

లిస్టులో రికార్డ్ నా కళ్ల ముందే ఉంది. నొక్కితే లేదంటోంది. ఇదెలా?

మీ తెర మీద ఉన్నది పాత బొమ్మ. మీరు లిస్టు తెరిచాక ఎవరో దాన్ని తీసేశారు, మీ బ్రౌజర్‌కు ఆ సంగతి తెలియదు. పేజీ రిఫ్రెష్ చేయండి, చాలాసార్లు అక్కడితో తేలిపోతుంది. బుక్‌మార్క్ చేసుకున్న లింకు, పాత ఈమెయిల్‌లో వచ్చిన లింకు కూడా ఇలాంటివే, అడ్రస్‌లో ఐడీ అలాగే ఉండిపోతుంది.

రిఫ్రెష్ చేసినా లిస్టులో ఇంకా కనిపిస్తుంటే మాత్రం కొంచెం ఆలోచించాలి. పెద్ద సిస్టమ్‌లలో వెతుకులాట కోసం వేరే ఇండెక్స్ ఉంటుంది, అసలు డేటాబేస్‌లో పోయినా ఆ ఇండెక్స్‌లో తుడిచే జాబ్ ఆగిపోతే రికార్డ్ అక్కడ బతికే ఉన్నట్టు కనిపిస్తుంది. రిపోర్టుల కోసం డేటాబేస్ నకలు విడిగా పెట్టుకున్న చోట కూడా ఇదే జరుగుతుంది, నకలు వెనకబడితే లిస్టు దాన్నుంచి, వివరాలు అసలు దాన్నుంచి వచ్చి రెండూ పొంతన లేకుండా పోతాయి.

నాకు బాగానే తెరుచుకుంటోంది, మా టీమ్‌లో ఒకరికే ఈ ఎర్రర్ వస్తోంది?

అయితే రికార్డ్ డిలీట్ కాలేదు, ఆయనకు చూసే హక్కు లేదు. చూసే హక్కు లేని రికార్డు గురించి 'ఉంది గానీ నీకు చూపించను' అని చెబితే, అది ఉందన్న సంగతి బయటపడుతుంది కదా. అందుకే చాలా సాఫ్ట్‌వేర్లు రెండింటికీ ఒకే సమాధానం ఇస్తాయి. మైక్రోసాఫ్ట్ డైనమిక్స్ 365 అయితే ఆ మాట దాచకుండా, రికార్డ్ దొరకలేదు లేదా చూడటానికి మీకు తగిన అనుమతులు లేవు అని ఒకే వాక్యంలో చెబుతుంది. ఒడూ మటుకు రెండింటినీ విడదీసి, హక్కు లేకపోతే యాక్సెస్ ఎర్రర్, నిజంగా లేకపోతే మిస్సింగ్ ఎర్రర్ ఇస్తుంది.

తేల్చుకోవడం సులువు: అదే లింకును అడ్మిన్ లాగిన్‌తో తెరవండి. తెరుచుకుంటే రోల్, కంపెనీ, బ్రాంచ్ సెట్టింగులు చూడండి, రికవరీ జోలికి వెళ్లకండి. ఒకే సిస్టమ్‌లో రెండు మూడు కంపెనీలు నడిపేవాళ్లు ముందు ఏ కంపెనీ ఎంచుకుని ఉన్నారో చూసుకోవాలి.

అరగంట కూర్చుని ఫారం నింపాను, సేవ్ నొక్కితే రికార్డ్ డిలీట్ అయిందంటోంది. నేను రాసిందంతా పోయినట్టేనా?

ముందు ఆ ట్యాబ్ మూయకండి, రిఫ్రెష్ చేయకండి. మీరు టైప్ చేసింది ఇంకా తెర మీదే ఉంది, దాన్ని కాపీ చేసుకుని ఒక ఫైల్‌లో పెట్టుకోండి, పెద్ద పట్టిక అయితే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. ఆ తర్వాతే మిగతావి.

జరిగింది ఏంటంటే, మీరు తెరిచిన తర్వాత, సేవ్ చేసేలోపు ఇంకొకరు (లేదా ఏదో జాబ్) దాన్ని తీసేశారు. సాఫ్ట్‌వేర్ ఈ వరసను అప్‌డేట్ చెయ్యి అని డేటాబేస్‌ను అడిగింది, సున్నా వరసలు మారాయి అని జవాబు వచ్చింది. హైబర్నేట్ లాంటివి దీన్నే "వేరే ట్రాన్సాక్షన్ ఈ వరసను మార్చింది లేదా డిలీట్ చేసింది" అని రాస్తాయి. మార్చిందో డిలీట్ చేసిందో రెండూ కలిపి చెబుతుంది కాబట్టి, కొత్త ట్యాబ్‌లో అదే రికార్డ్ తెరిచి చూడండి. తెరుచుకుంటే ఎవరో మార్చారంతే, మీ మార్పులు దాని మీద మళ్లీ పెట్టుకోవచ్చు.

ఎవరు, ఎప్పుడు డిలీట్ చేశారో తెలుసుకోవచ్చా?

ముందే ఆడిట్ లాగ్ (ఎవరు ఏం మార్చారో రాసుకునే చిట్టా) ఆన్ చేసి ఉంటే తెలుస్తుంది. డేటావర్స్‌లో ఆడిటింగ్‌ను సంస్థ స్థాయిలోనూ, టేబుల్ స్థాయిలోనూ ఆన్ చేయాలి. ఎస్‌ఏపీ అనే ఈఆర్‌పీలో మార్పుల పత్రాలు సీడీహెచ్‌డీఆర్, సీడీపీఓఎస్ అనే టేబుళ్లలో ఉంటాయి. ఒడూలో రికార్డ్ కింద కనిపించే మెసేజ్‌ల చరిత్ర రికార్డుతో పాటే పోతుంది, కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకుండా సర్వర్ లాగ్ చూడండి. ఏ యూజర్ ఏ మోడల్‌లో ఏ ఐడీలు తీసేశాడన్నది అక్కడ ఒక వరసగా పడుతుంది, లాగ్ ఫైల్ తుడిచేయకుండా ఉంటే.

ఒక మాట. పేరు దొరికాక ఆ మనిషి మీద అరవడం వల్ల ఏమీ రాదు. చాలాసార్లు వాళ్లు డూప్లికేట్లు శుభ్రం చేస్తూ మంచి ఉద్దేశంతోనే చేసి ఉంటారు. ఇంకేమేం తీశారో వాళ్లే చెప్పగలరు, భయపెడితే చెప్పరు.

వేరే చోట వాడుకలో ఉన్న రికార్డును డేటాబేస్ అసలు డిలీట్ చేయనివ్వకూడదు కదా?

ఫారిన్ కీ (ఒక టేబుల్‌లోని ఐడీ ఇంకో టేబుల్‌లో కచ్చితంగా ఉండాలని డేటాబేస్‌కు చెప్పే నియమం) ఉన్న చోట చేయనివ్వదు. ఒరాకిల్‌లో ఓఆర్ఏ-02292, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 547, మైఎస్‌క్యూఎల్‌లో 1451, పోస్ట్‌గ్రెస్‌లో 23503, ఇవన్నీ దీన్ని వాడేవాళ్లు ఉన్నారు, తీయడానికి లేదు అని చెప్పే కోడ్‌లే. ఇవి వస్తే విసుక్కోకండి, మిమ్మల్ని కాపాడుతున్నాయి. ఫారిన్ కీని తయారుచేసేటప్పుడు మామూలుగా మూడు దారులు ఉంటాయి: వద్దని ఆపడం, పిల్ల వరసల్లో (ఈ రికార్డును వాడుకునే వరసల్లో) ఆ ఫీల్డును ఖాళీ చేసేయడం, లేదా పిల్ల వరసలను కూడా వెంట తీసుకుపోవడం. మూడోది కాస్కేడ్, చాలా జాగ్రత్తగా పెట్టాల్సింది అదే. తల్లి రికార్డ్ ఒక్కటి తీస్తే కింద ఎన్ని పోయాయో చెప్పకుండా పోతాయి.

ఇంతా ఉండి ఎర్రర్ ఎందుకు వస్తోంది మరి? ఎందుకంటే అన్ని లంకెలకూ ఫారిన్ కీ ఉండదు. పెద్ద సాఫ్ట్‌వేర్లలో ఒకే ఫీల్డ్ ఒకసారి ఇన్‌వాయిస్‌ను, ఇంకోసారి ఆర్డర్‌ను, మరోసారి ఉద్యోగిని చూపించాల్సి వస్తుంది. అటాచ్‌మెంట్లు, రిమైండర్లు, మెసేజ్‌లు, అప్రూవల్ అభ్యర్థనలు అన్నీ ఈ కోవలోవే. అక్కడ రెండు గడులు ఉంటాయి, ఒకదానిలో మోడల్ పేరు, రెండోదానిలో ఐడీ. డేటాబేస్ దృష్టిలో అవి ఒక మాట, ఒక అంకె, అంతే. వాటి మీద అది కాపలా కాయలేదు. అలాగే సేవ్ చేసుకున్న ఫిల్టర్లలో, డిఫాల్ట్ విలువల్లో, ఆటోమేషన్ రూల్స్‌లో, ఈమెయిల్ టెంప్లేట్లలో, ఎవరో రాసిన స్క్రిప్ట్‌లో ఐడీలు నేరుగా రాసి ఉంటాయి. వెతకాల్సింది ముందు ఇక్కడే.

ఎలా వెతకాలి అంటే, అనాథ వరసలను (తల్లి రికార్డ్ పోయినవాటిని) పట్టుకోవడానికి లెఫ్ట్ జాయిన్ ఉంది, అవతల జత దొరకని వరసలను కూడా చూపించే క్వెరీ అది. ఉదాహరణకు అటాచ్‌మెంట్ల టేబుల్‌ను మోడల్ పేరు సేల్స్ ఆర్డర్ అని వడపోసి, ఐడీ మీద ఆర్డర్ల టేబుల్‌తో లెఫ్ట్ జాయిన్ చేసి, అవతల ఐడీ నల్ (ఖాళీ) వచ్చిన వరసలు చూడండి. అవే మీ అనాథలు. చదివే హక్కు మాత్రమే ఉన్న యూజర్‌తో ఈ క్వెరీ నడపండి, పొరపాటున కూడా ఏదీ మారకుండా ఉంటుంది.

రాత్రిపూట నడిచే జాబ్ రోజూ ఇదే ఎర్రర్‌తో ఆగిపోతోంది. పగలు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు?

జాబ్ మొత్తం లిస్టు తీసుకుని ఒక్కొక్కటిగా చేసుకుంటూ పోతుంది. మధ్యలో ఒక పాడైన రికార్డ్ తగిలితే, దాన్ని పక్కన పెట్టి ముందుకు పోయేలా రాయకపోతే, మొత్తం వెనక్కి వెళ్లిపోతుంది. రెండు వేల రిమైండర్లు వెళ్లాల్సిన చోట ఒక్కటీ వెళ్లకపోవడానికి ఒకే ఒక్క పాత ఐడీ చాలు. పైగా ఎవరి తెర మీదా ఏమీ కనిపించదు, కస్టమర్ ఫోన్ చేసి "నాకు స్టేట్‌మెంట్ రాలేదు" అన్నప్పుడే తెలుస్తుంది.

లాగ్‌లో ఎర్రర్ పైన ఉన్న వరసల్లో ఏ రికార్డ్ మీద పని చేస్తూ ఆగిందో చూడండి. పాడైన లంకెను సరిచేశాక డెవలపర్‌తో రెండు మార్పులు చేయించండి: మొదలుపెట్టే ముందు రికార్డ్ ఉందో లేదో అడిగి చూడాలి (ఒడూలో దీనికోసమే ఎగ్జిస్ట్స్ అనే మెథడ్ ఉంది), ఒకటి విఫలమైతే దాన్ని లాగ్‌లో రాసి మిగతావి కొనసాగించాలి. ఎర్రర్‌ను పట్టుకుని ఏమీ రాయకుండా మింగేసే కోడ్ మాత్రం ఒప్పుకోకండి. అది జబ్బును దాచిపెడుతుంది.

డూప్లికేట్ కస్టమర్లను మెర్జ్ చేశాం, అప్పటి నుంచి ఎర్రర్లు మొదలయ్యాయి. మేం డిలీట్ ఏమీ చేయలేదే?

మెర్జ్ అంటే లోపల జరిగేది డిలీటే. ఒకటి మిగులుతుంది, మిగతావి పోతాయి, వాటి ఆర్డర్లూ ఇన్‌వాయిస్‌లూ మిగిలినదానికి మారతాయి. సిస్టమ్‌కు తెలిసిన లంకెలన్నీ మారతాయి, తెలియనివి (బయటి వెబ్‌సైట్‌లో దాచిన ఐడీ, ఎక్సెల్‌లో రాసుకున్న ఐడీ, కస్టమ్ టేబుల్) పాతదాన్నే పట్టుకుని ఉంటాయి. సేల్స్‌ఫోర్స్‌లో అకౌంట్లు, కాంటాక్టులు, లీడ్‌లు మెర్జ్ చేసినప్పుడు ఓడిపోయిన రికార్డు మీద మాస్టర్ రికార్డ్ ఐడీ అనే ఫీల్డులో గెలిచినదాని ఐడీ రాసి ఉంటుంది. పాతది ఇప్పుడు ఎవరిగా మారిందో దాని ద్వారా తెలుసుకుని మీ బయటి లంకెలు సరిచేయవచ్చు. ఒకటి గుర్తుంచుకోండి, మెర్జ్‌లో పోయినదాన్ని రీసైకిల్ బిన్ నుంచి తెచ్చుకున్నా, చేతులు మారిన ఆర్డర్లు దాని దగ్గరికి వాటంతట అవి తిరిగి రావు.

రెండు సిస్టమ్‌ల మధ్య సింక్ ఉంది. ఒకదానిలో తీసేస్తే రెండోదానిలో అలాగే ఉండిపోయి ఎర్రర్లు ఇస్తోంది. కనెక్టర్ పాడైందా?

పాడవలేదు, దాన్ని కట్టిన తీరే అంత. చాలా కనెక్టర్లు "నిన్న రాత్రి తర్వాత మారినవన్నీ ఇవ్వు" అని చివరి మార్పు తేదీ మీద అడుగుతాయి. కొత్తవి వస్తాయి, మారినవి వస్తాయి. డిలీట్ అయిన వరస అసలు టేబుల్‌లోనే లేదు, కాబట్టి మారినవాటి జాబితాలో ఎప్పటికీ రాదు. అవతలి సిస్టమ్‌కు అది పోయిందని చెప్పేవాళ్లే లేరు. అక్కడ ఎవరో ఆ పాత కస్టమర్ మీద ఆర్డర్ పెడతారు, ఆర్డర్ ఇవతలికి వస్తుంది, ఇవతల కస్టమర్ లేడు, ఎర్రర్.

దీనికి సరైన మందులు కొన్ని ఉన్నాయి. మొదటిది, పూర్తిగా తీసేయకుండా 'డిలీట్ అయింది' అనే గుర్తు పెట్టి వరసను ఉంచడం, అప్పుడు అది కూడా ఒక మార్పుగా కనెక్టర్‌కు చేరుతుంది. రెండోది, తీసేసిన ఐడీలను, సమయాన్ని ఒక చిన్న టేబుల్‌లో రాసి పెట్టడం, సింక్ దాన్ని కూడా చదువుకుంటుంది. సేల్స్‌ఫోర్స్‌లో మామూలు క్వెరీ డిలీట్ అయినవాటిని చూపించదు, క్వెరీ ఆల్ అనే కాల్ వాడితే రీసైకిల్ బిన్‌లో ఉన్నవీ వస్తాయి, ఈజ్ డిలీటెడ్ అనే ఫీల్డ్ చూసి విడదీసుకోవచ్చు. ఇవేవీ కుదరకపోతే వారానికోసారి రెండు వైపులా ఐడీల జాబితాలు మాత్రం తెచ్చి పోల్చి చూడండి. మోటు పద్ధతే గానీ పని చేస్తుంది.

ఇంకొకటి: రెండు సిస్టమ్‌ల ఐడీలను జత చేసే మ్యాపింగ్ టేబుల్‌ను ఎవరూ పట్టించుకోరు. రికార్డ్ పోయి మళ్లీ కొత్తగా పుట్టినా, మ్యాపింగ్‌లో పాత ఐడీయే ఉంటుంది. సింక్ ఎర్రర్ అనగానే నేను ముందు తెరిచేది ఆ టేబులే.

పోయిన రికార్డును తిరిగి తెచ్చుకోవచ్చా?

త్వరపడితే చాలాసార్లు వీలవుతుంది, ఆలస్యం చేసేకొద్దీ దారులు మూసుకుపోతాయి. సేల్స్‌ఫోర్స్ రీసైకిల్ బిన్‌లో 15 రోజులు ఉంటుంది, తిరిగి తెస్తే అదే ఐడీతో వస్తుంది. డేటావర్స్‌లో డిలీట్ అయినవాటిని గరిష్ఠంగా 30 రోజులు ఉంచుకునే సదుపాయం ఉంది, కానీ ముందే ఆన్ చేసి ఉండాలి. ఒరాకిల్ డేటాబేస్‌లో ఫ్లాష్‌బ్యాక్ క్వెరీతో కొద్దిసేపటి కిందట టేబుల్ ఎలా ఉందో చూడవచ్చు, అయితే అన్‌డూ రిటెన్షన్ సెట్టింగ్ డిఫాల్ట్‌గా 900 సెకన్లే, అంటే పావుగంట. ఎవరైనా "ఇప్పుడే పొరపాటున తీసేశాను" అని ఫోన్ చేస్తే మీటింగ్ అయ్యాక చూద్దాం అనకుండా వెంటనే డేటాబేస్ చూసుకునే డీబీఏను పిలవాల్సింది ఇందుకే. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2016 వెర్షన్ నుంచి టెంపరల్ టేబుళ్లు ఉన్నాయి, ఆ టేబుల్‌కు ముందే పెట్టుకుని ఉంటే పాత వరసలు హిస్టరీలో దొరుకుతాయి.

ఒడూలో, మామూలు పోస్ట్‌గ్రెస్ సెటప్‌లో రీసైకిల్ బిన్ అంటూ ఏమీ లేదు. బ్యాకప్పే దిక్కు.

బ్యాకప్ నుంచి ఒక్క రికార్డ్ తెచ్చుకోవాలంటే?

నడుస్తున్న సిస్టమ్ మీద బ్యాకప్‌ను రీస్టోర్ చేయకండి. టెన్షన్‌లో ఈ పని చేస్తే, ఒక రికార్డ్ కోసం ఈరోజు అందరూ చేసిన పనంతా పోగొట్టుకుంటారు. బ్యాకప్‌ను వేరే సర్వర్‌లో తెరవండి. అక్కడ ఈమెయిళ్లు పంపే జాబులను, సింక్‌ను ముందు ఆపండి, లేకపోతే నిన్నటి డేటాతో కస్టమర్లకు ఈరోజు మెయిళ్లు పోతాయి.

తర్వాత పోయిన రికార్డును, దాని కింద పోయిన పిల్ల వరసలను వెలికితీయండి. వెనక్కి పెట్టేటప్పుడు ముందు తల్లి, తర్వాత పిల్లలు, ఈ క్రమం తప్పితే తల్లి దొరకలేదన్న ఫారిన్ కీ ఎర్రర్ వస్తుంది (ఒరాకిల్‌లో అది ఓఆర్ఏ-02291). పాత ఐడీలతోనే పెట్టాలి, మిగిలిపోయిన లంకెలన్నీ ఆ ఐడీనే వెతుకుతున్నాయి కాబట్టి. అటాచ్‌మెంట్ల ఫైళ్లు డేటాబేస్ బయట డిస్క్ మీద ఉండే సిస్టమ్‌లలో వాటిని కూడా విడిగా తెచ్చుకోవాలి. ఇదంతా ఒకసారి టెస్ట్ సర్వర్‌లో చేసి, రిపోర్టుల్లో మొత్తాలు సరిపోతున్నాయో అకౌంట్స్ వాళ్లతో చూపించుకుని, అప్పుడు అసలు దానిలో చేయండి.

అంత కష్టం ఎందుకు, అదే పేరుతో కొత్తది క్రియేట్ చేస్తే పోదా?

పోదు. పేరు ఒకటే అయినా ఐడీ కొత్తది, పాత లంకెలు పాత ఐడీనే అడుగుతాయి. పాత లంకెలు ఒకటీ రెండే ఉండి, వాటిని చేత్తో కొత్తదానికి మార్చగలిగితే అదే సులువైన దారి, తప్పేం లేదు. వందల్లో ఉంటే బ్యాకప్ దారే పట్టండి.

ఆ కోడ్‌తో ఇప్పటికే రికార్డ్ ఉందంటోంది, వెతికితే మాత్రం ఎక్కడా లేదు?

అది డిలీట్ కాలేదు, ఆర్కైవ్ అయింది. వెతుకులాటలో కనిపించకపోయినా డేటాబేస్‌లో ఉంది, ఒకే కోడ్ రెండుసార్లు ఉండకూడదనే నియమం దాన్ని కూడా లెక్కపెడుతుంది. ఒడూలో ఫిల్టర్లలో ఆర్కైవ్ అయినవి ఎంచుకుని చూడండి, దొరికితే దాన్నే మళ్లీ వాడుకలోకి తెచ్చుకోండి.

సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన రికార్డును తీసేశాం, ఇప్పుడు ఒక బటన్ పని చేయట్లేదు?

ఒడూలో ఈమెయిల్ టెంప్లేట్లు, నంబరింగ్ సీక్వెన్సులు లాంటివి మాడ్యూల్‌తో పాటు వస్తాయి, కోడ్ వాటిని ఎక్స్‌టర్నల్ ఐడీ అనే పేరుతో పిలుస్తుంది. అక్కర్లేదనిపించి తీసేస్తే, ఆ పేరు సిస్టమ్‌లో లేదని ఎర్రర్ వస్తుంది. ఆ మాడ్యూల్‌ను అప్‌గ్రేడ్ చేస్తే చాలావరకు తిరిగి పుడుతుంది, అయితే మీరు చేసుకున్న మార్పులు ఉండవు, మొదట్లో ఎలా వచ్చిందో అలాగే వస్తుంది. ముందు టెస్ట్ డేటాబేస్‌లో చేసి చూడండి.

మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో టేబుల్ తెరిస్తే అన్ని గడుల్లోనూ 'డిలీటెడ్' అని కనిపిస్తోంది. డేటా మొత్తం పోయిందా?

కంగారు పడకండి, సాధారణంగా ఏమీ పోయి ఉండదు. సర్వర్‌లోని టేబుల్‌ను యాక్సెస్‌కు లింక్ చేసినప్పుడు ఇది వస్తుంది. యాక్సెస్ ముందు కీలు మాత్రం తెచ్చుకుని, తర్వాత ఒక్కో కీతో మిగతా వివరాలు అడుగుతుంది. కీ రకం దానికి సరిగ్గా అర్థం కాకపోతే (బిగ్‌ఇంట్ అనే పెద్ద అంకెల కీ, పాత యాక్సెస్ వెర్షన్ కలిసినప్పుడు ఇది మామూలే) అడిగిన కీ దొరకదు, వరస డిలీట్ అయిందని అనుకుంటుంది. సర్వర్‌లో నేరుగా చూసి డేటా ఉందని తేల్చుకోండి, తర్వాత కీ రకం మార్చడమో, కొత్త వెర్షన్‌లో పెద్ద అంకెల రకాన్ని ఆన్ చేసి మళ్లీ లింక్ చేయడమో చేయండి.

డేటాబేస్‌లోకి వెళ్లి పాడైన లంకెను నేరుగా తీసేయవచ్చా?

విక్రేత సపోర్ట్ ఒప్పుకుంటే, బ్యాకప్ తీసుకున్నాక, ట్రాన్సాక్షన్ లోపల (కమిట్ చేసి ఖాయం చేసేదాకా వెనక్కి తీసుకోగలిగేలా), ఎన్ని వరసలు మారాయో చూసుకుని కమిట్ చేసేలా అయితే సరే. ఫారిన్ కీలను ఆపేసి డిలీట్ చేయడం మాత్రం వద్దు, ఎంత తొందర ఉన్నా వద్దు. రేపటి ఎర్రర్లు అక్కడే పుడతాయి.

ఇవి మళ్లీ రాకుండా ఏం చేయాలి?

డిలీట్ హక్కును ఎక్కువమందికి ఇవ్వకండి, ఆర్కైవ్ హక్కు అందరికీ ఇవ్వండి. ఒక్కసారైనా లావాదేవీ జరిగిన కస్టమర్‌ను, వస్తువును డిలీట్ చేయాల్సిన అవసరం రోజువారీ పనిలో నాకు కనిపించదు. ఎస్‌ఏపీలో మాస్టర్ డేటాకు డిలీషన్ ఫ్లాగ్ పెట్టి, ఆర్కైవింగ్‌ను తర్వాత విడిగా జరపడం వెనక ఉన్న ఆలోచన ఇదే. ఉద్యోగి మానేస్తే యూజర్‌ను ఇన్‌యాక్టివ్ చేయండి, కానీ అంతకుముందు ఆయన పేరు మీద నడిచే జాబులు, అప్రూవల్స్ వేరేవాళ్లకు మార్చండి. అనాథ వరసలను వెతికే క్వెరీని నెలకోసారి నడిపితే, యూజర్లకు ఎర్రర్ రాకముందే మీకు తెలుస్తుంది.

కస్టమర్ తన వివరాలు తీసేయమని చట్టప్రకారం అడిగితే? అప్పుడు డిలీట్ చేయాల్సిందే కదా?

యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌లో 17వ అధికరణం అలాంటి హక్కు ఇస్తుంది, అయితే చట్టప్రకారం ఉంచాల్సిన లెక్కలకు అందులోనే మినహాయింపులు ఉన్నాయి. చాలామంది పాటించే పద్ధతి, వరసను ఐడీతో సహా ఉంచి పేరు, ఫోన్, ఈమెయిల్, చిరునామా లాంటివి చెరిపేయడం. ఇన్‌వాయిస్ లంకెలు తెగవు. ఏవి ఉంచాలి, ఏవి తీయాలి అన్నది మాత్రం మీ న్యాయ సలహాదారుతో మాట్లాడే తేల్చుకోండి.

సపోర్ట్‌కు టికెట్ పెడుతున్నాను, ఏమేం రాయాలి?

"ఎర్రర్ వస్తోంది, అర్జెంట్" అని రాస్తే మొదటి రోజు వాళ్ల ప్రశ్నలకే సరిపోతుంది. మెసేజ్‌ను పూర్తిగా, కాపీ చేసి పెట్టండి, వివరాలు చూపించే బటన్ ఉంటే అది నొక్కి వచ్చిన మొత్తాన్ని కూడా. మీరు తెరిచిన రికార్డ్ నంబరు, పేజీ అడ్రస్, ఏ బటన్ నొక్కాక వచ్చింది, ఎన్ని గంటలకు వచ్చింది (టైమ్ జోన్‌తో, సర్వర్ లాగ్ వేరే జోన్‌లో ఉండొచ్చు), అడ్మిన్ లాగిన్‌తో కూడా వస్తోందా లేదా, ఈమధ్య మెర్జ్, ఇంపోర్ట్, అప్‌గ్రేడ్ ఏమైనా జరిగాయా, చివరి మంచి బ్యాకప్ ఏ తేదీది. ఇన్ని రాస్తే వాళ్లు మిమ్మల్ని మళ్లీ ఏదీ అడగకుండా నేరుగా లాగ్ తెరుస్తారు.